శుక్రవారం కిటికీ

మల్ఖైర్ గురించి ఒక పేజీ రాసివ్వమన్నాడు మెజియాన్. మా కొండమీది వేధశాలకి వందేళ్ళు నిండుతున్నాయట, పుస్తకం వేస్తారట, అందులో పాతవాళ్ళకి తలా ఒక పేజీ అట. పుట్టిన ఏడు, చేరిన ఏడు, చేసిన పని, పోయిన ఏడు. ఒక పేజీ! ముప్పైఆరేళ్ళు ఒకే బల్ల ముందు కూర్చుని ఒంటికన్నుతో ఆకాశాన్ని కొలిచిన మనిషికి ఒక పేజీ! నా వల్ల కాదు పొమ్మన్నాను. "నీకు తోచినంత రాయి బాబాయ్, ఎక్కువైతే నేను కత్తిరిస్తాలే" అన్నాడు. కత్తిరించి చూడు, నీ చెవులు నేను కత్తిరిస్తాను అన్నాను. నవ్వాడు. ఇందులో ఏముందో వాడికింకా తెలియదు.

నేను అరెజ్కీని. ఇక్కడి చీకటి గదిలో నలభై ఏళ్ళు పనిచేశాను. టెలిస్కోపు వెనక పెట్టే గాజు పలకల్ని మేం ప్లేట్లంటాం. ఒక్కోటి జానెడు కంటే కాస్త తక్కువ చదరం. ఒకవైపు మందు పూసి ఉంటుంది, ఆకాశం ఆ మందులో అచ్చుపడుతుంది. ప్రతి ప్లేటు మూలనా వజ్రపు మొనతో నంబరు గీసేది నేను. అప్పట్లో మమ్మల్ని ఏలిన ఫ్రెంచి దొరలు తీసిన ప్లేట్లని పొద్దున్నే మందునీళ్ళలో ముంచి చుక్కలు తేల్చేది నేను. ఆరబెట్టేది నేను. నా నోరు మంచిది కాదని కొండంతా చెప్పుకుంటారు. నిజమే. కానీ నా పని మంచిది. ప్లేటుని ఒక్కసారి వెలుగుకేసి పట్టి చూస్తే చాలు, పనికొస్తుందో చెడిందో చెప్పేసేవాణ్ణి. దొరలే వచ్చి నన్నడిగేవారు. ఆ గర్వం ఒకటి ఉండేది నాకు.

మల్ఖైర్ మా తోటమాలి కూతురు. నాకంటే నాలుగేళ్ళు చిన్న. సిస్టర్ల బడిలో ఆరేళ్ళు చదివింది. మొదట కొలతల గదిలో బల్లలు తుడవడానికి వచ్చింది. అక్కడ ఒక ఫ్రెంచి అమ్మాయి సూక్ష్మదర్శినిలో ప్లేటు చూస్తూ అంకెలు చెబుతుంటే విదలాన్ దొర రాసుకునేవాడు. ఒకరోజు ఆ అమ్మాయి లేచి బయటికెళ్ళింది. మన పిల్ల గుడ్డ పక్కనపెట్టి ఆ గొట్టంలో కన్నుపెట్టింది. "అయ్యా, ఆవిడ ఏడు అన్నది ఏడు కాదు, ఒకటి" అంది. దొర లేచి చూశాడు. ఒకటే. మూడు నెలలకి ఫ్రెంచి అమ్మాయి పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది, ఆ కుర్చీలో మల్ఖైర్ కూర్చుంది. దొరలందరికీ నచ్చలేదు. నచ్చకపోతే నష్టమేమిటి, ఆ కన్ను ఇంకెవరికుంది?

పని ఏమిటో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. ఆకాశమంతటికీ పటం గీస్తున్న రోజులవి. ఒకే ప్లేటు మీద ఒకే చోటుని అరగంట చొప్పున మూడుసార్లు తీసేవారు, ప్రతిసారీ టెలిస్కోపుని వెంట్రుకవాసి పక్కకి జరిపి. దాంతో ఒక్కో నక్షత్రం మూడు చుక్కలుగా, చిన్న ముక్కోణంగా పడేది. దుమ్ము పడితే ఒకే చుక్క. అలా దుమ్మేదో, చుక్కేదో తెలిసేది. ఇక ఎప్పుడైనా ఒకటి, వందల ముక్కోణాల మధ్య, వంకరపోయి కనిపించేది. అంటే ఆ గంటన్నరలో అది నడిచింది. నక్షత్రం నడవదు. నడిచేది గ్రహశకలం, అంగారకుడికీ బృహస్పతికీ మధ్య సూర్యుడి చుట్టూ తిరిగే రాయి.

వంకరది కనిపించినప్పుడల్లా మల్ఖైర్ ప్లేటు పట్టుకుని నా గుమ్మం దగ్గరికి వచ్చేది.

"అన్నా, ఇది నీ మురికా, ఆకాశమా?"

"నా ప్లేట్లో మురికా? పోయి ముందు నీ మొహం కడుక్కుని రా!"

"కడుక్కునే వచ్చాను. నువ్వెప్పుడు కడుక్కున్నావో చెప్పు."

తొమ్మిదిసార్లు అలా వచ్చింది. తొమ్మిదిసార్లూ అది ఎవరో ఎప్పుడో కనిపెట్టేసిన రాయే. పదోది నా కొంప ముంచింది.

దానికంటే ముందు నువారా గురించి చెప్పాలి. మల్ఖైర్‌కి ఒక్కతే కూతురు. అయిదేళ్ళది. గుండ్రటి మొహం, ముందుపళ్ళు రెండూ ఊడిపోయి ఉండేవి, అయినా నాతో పోట్లాటకి వచ్చేది. పందొమ్మిదివందల నలభైరెండు చలికాలంలో టైఫస్ జ్వరం కొండ దిగి కొండెక్కి ఇంటింటికీ తిరిగింది. పిల్ల పదకొండు రోజుల్లో పోయింది. మున్సిపాలిటీ బండి వచ్చింది. తల్లిని దగ్గరికి రానివ్వలేదు. పిల్ల బట్టలు, దుప్పటి, గుడ్డబొమ్మ అన్నీ వాకిట్లోనే కాల్చేశారు. శవాల్ని ఎక్కడో గొయ్యి తీసి, సున్నం పోసి పూడ్చారు. ఎక్కడో చెప్పలేదు. ఎన్నిసార్లు అడిగినా ఒక్కో గుమాస్తా ఒక్కో చోటు చెప్పాడు. పిల్లకి ఫొటో కూడా లేదు. వేధశాలలో ఆకాశానికి వేలకొద్దీ ఫొటోలున్నాయి, ఆ పిల్లకి ఒక్కటి లేదు. రెండేళ్ళకి మొగుడు అక్లీ కూడా ఫ్రెంచివాళ్ళ సైన్యంలో ఇటలీ యుద్ధానికి వెళ్ళి అక్కడే పోయాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు.

శుక్రవారం మధ్యాహ్నం ఆడవాళ్ళందరూ తెల్లటి ముసుగులు కప్పుకుని కింద శ్మశానానికి వెళతారు. సమాధి కడిగి, కాసిని నీళ్ళు పోసి, మంచి వాసన వేసే రిహాన్ రెమ్మ పెట్టి, రొట్టె, ఎండు అంజీరాలు చుట్టుపక్కల వాళ్ళకి పంచుతారు. పోయినవాళ్ళ పేరున పెట్టింది ఎవరూ కాదనకూడదు, తినాలి. మల్ఖైర్ కూడా వాళ్ళతో బయలుదేరేది. గేటు దాకా వెళ్ళి అక్కడే నిలబడిపోయేది.

"లోపలికి రావే" అంది మా ఆవిడ ఒకసారి. "ఏదో ఒక పసిబిడ్డ సమాధి చూసి నీళ్ళు పొయ్యి. నీ బిడ్డకి చేరుతుందిలే."

"ఎవరి బిడ్డకో పోసి నా బిడ్డ తాగిందనుకోమంటావా వదినా?" అంది మల్ఖైర్. అంజీరాలు మూటలో అలాగే ఇంటికి తెచ్చేది. ఎవరి చేతికీ ఇచ్చేది కాదు. నాలుగేళ్ళు అలా గేటు దాకా వెళ్ళి వచ్చింది.

నలభైఆరు మార్చిలో నా గుమ్మంలోకి వచ్చింది, ప్లేటు పట్టుకుని.

"అన్నా, ఇది నీ మురికా, ఆకాశమా?"

భూతద్దం పెట్టి చూశాను. మూడు చుక్కలూ ఒక పక్కకి ఈడ్చుకుపోయి ఉన్నాయి. "ఆకాశమే" అన్నాను. విదలాన్ దొర తెలిసిన గ్రహశకలాల పట్టికలన్నీ తిరగేశాడు. ఆ చోట ఏదీ ఉండకూడదు. నాలుగు రోజుల తర్వాత మళ్ళీ తీశాడు. ఉంది, కాస్త జరిగి ఉంది. కొత్తదే! లెక్కలు చూసే కేంద్రానికి ఉత్తరం వెళ్ళింది, కనిపెట్టినవారు విదలాన్ అని. కళ్ళు ఆమెవి, పేరు ఆయనది. అప్పటి పద్ధతి అది. నేను పళ్ళు కొరికాను. ఆమె మాత్రం ఆ మాటే ఎత్తలేదు. ఆమె ధ్యాస వేరే ఉంది.

"దీనికి పేరు ఎవరు పెడతారయ్యా?" అని అడిగింది దొరని. నేను ప్లేట్ల పెట్టె దించుతూ అక్కడే ఉన్నాను.

"కనిపెట్టినవాళ్ళు పెడతారు. ఇప్పుడే కాదు మల్ఖైర్. ముందు దాని దారి తేలాలి. కొన్నాళ్ళకి ఇది సూర్యుడి చాటుకి పోతుంది. మళ్ళీ పదహారు నెలలకి మనం చెప్పిన చోట కనపడాలి. అప్పుడు నంబరిస్తారు. నంబరొచ్చాక పేరు."

"ఆడపిల్ల పేరు పెట్టొచ్చా?"

"చాలావాటికి ఆడవాళ్ళ పేర్లే."

"నువారా అని పెడతారా?"

దొర కలం కిందపెట్టాడు. బండి వచ్చిన రోజు ఆయనా వాకిట్లో ఉన్నాడు. "పెడతాను. మాట ఇస్తున్నాను" అన్నాడు. మంచివాడే, ఆ మాట ఒప్పుకోవాలి.

ఆ సాయంత్రం మా అరుగు మీద కూర్చుని నాతో చెప్పింది. "పేరు పెడితే ఇంక తీసెయ్యరట అన్నా. ఏ రోజు ఎక్కడుంటుందో లెక్కగట్టి చెప్పేస్తారట, వందేళ్ళ తర్వాతైనా సరే. నా బిడ్డ ఎక్కడుందని ఎవరైనా అడిగితే వేలుపెట్టి చూపిస్తాను. ఇదిగో, ఇక్కడుంది అని చెబుతాను." నాలుగేళ్ళ తర్వాత ఆ మొహం మీద నవ్వు చూశాను. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పొగ అని చెప్పి లోపలికి పోయాను.

అయితే రెండు ప్లేట్లతో దారి తేలదు. నాలుగడుగులు చూసి మనిషి ఏ ఊరు పోతున్నాడో ఎలా చెబుతాం? కొన్నాళ్ళు ఆగి మూడోది తియ్యాలి. రెండు వారాలు మబ్బు. తర్వాత ఆకాశం విచ్చుకుంది, చంద్రుడింకా ఉన్నాడు, అయినా దొర తీశాడు. మొదటిదానికి పద్దెనిమిది రోజుల తర్వాత తీసిన ప్లేటు. నంబరు 3184. ఆ నంబరు గీసింది నేనే.

ఇప్పుడు నా సంగతికి వస్తున్నాను. చెయ్యి ఆగుతోంది, అయినా రాస్తాను.

యుద్ధంలో బాంబులకి ఊళ్ళో కిటికీ అద్దాలన్నీ పోయాయి. కొత్త గాజు ఎక్కడా దొరకదు. చెడిపోయిన ప్లేట్లని కడిగి పనివాళ్ళ ఇళ్ళకి అద్దాలుగా ఇవ్వమని పెద్దదొర చెప్పాడు. చీకటి గదిలో రెండు అరలు. కుడివైపు మంచివి, ఎడమవైపు చెడినవి. ఎడమవైపు అర నిండగానే మరిగే సోడానీళ్ళలో వేసి మందంతా గీకేసేవాణ్ణి. మిగిలేది ఉత్త గాజు. మల్ఖైర్ కిటికీకి పన్నెండు గళ్ళు. మూడేళ్ళుగా పన్నెండిటికీ అట్టముక్కలే. పగలంతా అద్దాలు చూసి చూసి ఇంటికొచ్చి అట్టముక్కల చీకట్లో కూర్చునేది. నాకు జాలేసింది. ఎండలు ముదిరి వడగాలి మొదలయ్యేలోపు ముందు ఆమెకే పెట్టాలనుకున్నాను.

ఆ పొద్దున 3184ని మందునీళ్ళలోంచి తీసి వెలుగుకేసి పట్టుకున్నాను. బూడిదరంగు. వెన్నెల పడి ప్లేటంతా పొగచూరినట్టుంది. సన్న చుక్కలన్నీ ఆ పొగలో పోయాయి. ఒక్క చూపు చాలు కదా నాకు! పటానికి పనికిరాదు, చెడింది అనుకున్నాను. పటానికి పనికిరాదు, నిజమే. కానీ అది పటం కోసం తీసింది కాదు. మల్ఖైర్ రాయి కాస్త వెలుగున్నది, ఆ పొగలో కూడా కనపడే ఉండేది. పక్కనే చిట్టాపుస్తకం ఉంది. తెరిచి నంబరు చూస్తే చాలు, దేనికోసం తీసిందో దొర ఎర్ర సిరాతో రాసిపెట్టాడు. చూడలేదు. నా కన్నుండగా పుస్తకం ఎందుకు? ఎడమవైపు అరలో పెట్టాను. ఇంకా తడైనా ఆరని ఆ ప్లేటుని మధ్యాహ్నానికి మిగతా వాటితో పాటు సోడానీళ్ళలో వేశాను.

ఆ రోజు కడిగినవి నలభై. సాయంత్రానికల్లా ఎనిమిది ఇళ్ళకి పంచాను. మల్ఖైర్ కిటికీకి పన్నెండూ నా చేత్తోనే బిగించి లప్పం పెట్టాను. ఆమె కాఫీ పెట్టి ఇచ్చింది.

"ఎన్నాళ్ళకి వెలుగొచ్చిందన్నా ఇంట్లోకి!" అంది. "నీ నోరు చేదుగానీ నీ చెయ్యి బంగారం."

మర్నాడు పొద్దున విదలాన్ దొర వచ్చాడు. వెనకే మల్ఖైర్. "3184 ఇవ్వు అరెజ్కీ" అన్నాడు. కుడివైపు అర చూశాను. లేదు. అప్పుడు చిట్టాపుస్తకం తెరిచాను. ఎర్ర సిరా కనపడింది. పుణ్యానికి పోతే పాపం ఎదురవడమంటే ఇదే.

"పగిలిపోయిందయ్యా" అన్నాను.

ఎందుకన్నానంటే, ప్లేటు పగలడం మామూలే, తిట్టి వదిలేస్తారు. రాత్రి తీసిన ప్లేటుని చూడకుండా కడిగేశాడంటే పెద్దదొర ఆ పూటే బయటికి గెంటుతాడు. అయిదుగురు పిల్లలు నాకు. అదీ కారణం. కారణం ఉన్నంత మాత్రాన అబద్ధం అబద్ధం కాకుండా పోతుందా?

దొర తల పట్టుకున్నాడు. మల్ఖైర్ ముందుకొచ్చింది. "ముక్కలేవన్నా?"

"పారేశాను."

"ఒక్క ముక్కయినా లేదా? మూలముక్కయినా? మధ్యలో పగిలి ఉంటే కొలుచుకుంటాను, చిన్న ముక్క చాలు."

"లేదమ్మా" అన్నాను. తలెత్తలేదు. ఆ తర్వాత ఆమె నెల రోజులు మా చెత్తగుంట దగ్గర కర్రతో కెలుకుతూ కనిపించింది.

మళ్ళీ తీద్దామంటే మబ్బులు, మబ్బులు పోతే ఎర్రదుమ్ము. ఆకాశం తేటపడేసరికి ఆ రాయి దూరమై మసకబారిపోయింది. పదహారు నెలలకి దొర మళ్ళీ వెతికాడు. అరవై ప్లేట్లు తీశాడు. అరవయ్యీ మల్ఖైర్ కొలిచింది, తిండి మానేసి. ఏదీ వంకరపోలేదు. దారి తెలియని రాయి, ఎటని చూస్తాం? సంవత్సరం అంకె, రెండక్షరాల గుర్తు, అంతే దానికి మిగిలింది. పట్టికలో ఆ గుర్తు పక్కన 'తప్పిపోయినది' అని రాశారు.

నేనేం చేశానంటారా? ఏమీ చెయ్యలేదు. ఆ అద్దం ఏ ఇంటికి పోయిందో వెతకలేదు. వెతికి ఏం లాభం, దాని మీది ఆకాశమంతా సోడానీళ్ళతో కాలవలోకి పోయింది.

ఆ ఏడు వేసవి నుంచీ మల్ఖైర్ శ్మశానం గేటు దగ్గరికి వెళ్ళడం మానేసింది. శుక్రవారం మధ్యాహ్నం ఇంటి కిటికీ కడిగేది. గిన్నెలో నీళ్ళు, మెత్తటి గుడ్డ, ఒక్కో అద్దం తుడిచి తుడిచి అద్దమంటూ లేనట్టు చేసేది. కిటికీ గట్టు మీద ఒక రిహాన్ రెమ్మ పెట్టేది. దారినపోయే పిల్లలకీ పెద్దలకీ అంజీరాలు పంచేది. పాపం, దిగులుతో మనిషికి కాస్త చాదస్తం పట్టిందనుకున్నాం. మా ఇంటికి దారి ఆ కిటికీ ముందునుంచే. ప్రతి శుక్రవారం నా చేతిలోనూ రెండు పళ్ళు పెట్టేది.

"ఏమే మల్ఖైర్, కిటికీకి పెళ్ళా?" అనేవాణ్ణి.

"తినన్నా. కాదనకూడదు" అనేది.

తినేవాణ్ణి. తీపి పళ్ళు, వాళ్ళ మేనమామ ఊరి నుంచి వచ్చేవి. నమలుతూ ఇంకో జోకు వేసి ఇంటికి పోయేవాణ్ణి. లోపల మాత్రం ఆమె కళ్ళలోకి చూడాలంటే భయం.

అరవైరెండులో మా దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక విదలాన్ దొర వెళ్ళిపోయాడు. నేనే ఆయన పెట్టె మోశాను. మల్ఖైర్ దగ్గర ఆగి, "నీకిచ్చిన మాట నిలబెట్టుకోలేకపోయాను" అన్నాడు.

"మీ తప్పు కాదయ్యా అది" అంది ఆమె.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా భుజం మీద పెట్టె జారింది. ఆమె నావైపు చూడలేదు. చూడకపోవడం కూడా నాకప్పుడు హాయిగానే అనిపించింది. సిగ్గులేని మనిషిని.

డెబ్భైలో ఆమె పని మానేసింది. వంకర ముక్కోణాలు చూసిన కుడికన్నుకి శుక్లం వచ్చింది. కొండమీది ఆ రెండు గదుల ఇంట్లోనే ఉండిపోయింది.

డెబ్భైఎనిమిదిలో ఈ మెజియాన్ వచ్చాడు. మన ఊరి పిల్లాడే, పెద్ద చదువు చదివి వేధశాలలో ఖగోళశాస్త్రజ్ఞుడిగా చేరాడు. ఒకరోజు ఒక కాగితం, పాత చిట్టాపుస్తకం పట్టుకుని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"బాబాయ్! విదలాన్‌గారి తప్పిపోయిన గ్రహశకలం దొరికింది! వేరే దేశంవాళ్ళు నాలుగేళ్ళ కిందట కొత్తగా కనిపెట్టామనుకున్నారు. దారి వెనక్కి లెక్కగడితే మన నలభైఆరు మార్చి ప్లేట్ల మీదికి వచ్చింది. అదే రాయి!"

"అయితే పేరు?" అన్నాను.

"పేరు వాళ్ళు పెట్టేశారుగా. కనిపెట్టినాయన ఊళ్ళో ఏదో నది ఉందట, దాని పేరు. మన దగ్గర రెండు ప్లేట్లే ఉన్నాయి, దారి తేల్చలేకపోయాం. హక్కు వాళ్ళదే. ఒకసారి పెట్టాక మార్చరు." వాడు చిట్టాపుస్తకం తిరగేస్తున్నాడు. "విచిత్రమేమిటంటే ఇక్కడ మూడోది తీసినట్టు ఎర్ర సిరాతో రాసుంది. 3184. బీరువాలో లేదు. అదుంటే నలభైఏడులోనే దొరికేది, పేరు మనదే అయ్యేది. ఏమైంది బాబాయ్ అది?"

ఏమైందో వాడికి చెప్పలేదు. ముందు చెప్పాల్సిన మనిషి వేరే ఉంది. కోటు వేసుకుని బయలుదేరాను. ఆ రోజు శుక్రవారమే.

మల్ఖైర్ కిటికీ కడిగి అప్పుడే కూర్చుంది. వాడు చెప్పినదంతా చెప్పాను. ఆమె తొణకలేదు. ఒక్కొక్కటే అడిగింది, చిన్నప్పుడే ఎవరింటికో దత్తత పోయిన పిల్ల గురించి అడిగినట్టు.

"ఎంత ఉందట?"

"ఈ చివర నుంచి ఆ చివరికి పద్దెనిమిది కిలోమీటర్లట."

"రంగు?"

"బూడిదరంగు రాయట. ఏడు గంటలకోసారి తనచుట్టూ తాను తిరుగుతుందట."

"సూర్యుణ్ణి చుట్టి రావడానికి?"

"నాలుగేళ్ళ రెండు నెలలు."

వేళ్ళమీద లెక్కపెట్టింది. "నా పిల్ల అయిదేళ్ళు బతికింది. అంటే ఒక చుట్టు తిరిగి రెండోది మొదలెట్టిందన్నమాట" అంది. కిటికీకేసి చూసి, "నది పేరా? పోనీలే, నీళ్ళ పేరు" అంది.

అప్పుడు ఆపుకోలేకపోయాను. "మల్ఖైర్, ఆ మూడో ప్లేటు పగల్లేదు. నేను కడిగేశాను. చెడిందనుకుని కడిగేసి, అబద్ధమాడాను. నీ బిడ్డకి పేరు లేకుండా చేసింది నేనే." చెబుతూ చిన్నపిల్లాడిలా ఏడ్చాను. అరవైనాలుగేళ్ళవాణ్ణి.

ఆమె లేచింది. నా మణికట్టు పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. కింది వరస, ఎడమ చివరి అద్దం. "చదువు" అంది.

మూలన లప్పం గీకేసి ఉంది. ఎప్పుడో, చాలాకాలం కిందట, గోటితో గీకినట్టు. గాజు మీద సన్నగా, వజ్రపు మొనతో, నా చేతిరాతలో నాలుగంకెలు. 3184.

వేలితో తడిమి చూశాను.

"ఆ వేసవిలోనే కనపడింది" అంది మల్ఖైర్. "లప్పం ఎండి ఊడిపోతే సరిచేద్దామని చూశాను. నెల్లాళ్ళు చెత్తగుంటలో వెతికిన నంబరు కదన్నా, మరిచిపోతానా?"

"తెలిసి... ఇన్నేళ్ళూ... దొరకి చెప్పలేదేం?"

"చెబితే నిన్ను గెంటేసేవారు. అయిదుగురు పిల్లలు నీకు. ఒక పిల్ల పోయిన ఇల్లు ఎలా ఉంటుందో నాకు తెలుసు, అయిదుగురు ఆకలితో ఉన్న ఇల్లు కూడా చూడాలా? నువ్వే వచ్చి చెబుతావనుకున్నాను. ఈ శుక్రవారం చెబుతాడు, వచ్చే శుక్రవారం చెబుతాడు అని కళ్ళు కాయలు కాచేలా చూశాను. ముప్పైరెండేళ్ళు పట్టింది నీకు."

"తిట్టవే నన్ను. నాలుగు తిట్టు, నీకు పుణ్యముంటుంది."

"తిట్టకుండా ఉన్నాననుకున్నావా? మొదటి ఏడేళ్ళు రోజూ తిట్టాను. ప్లేటు కడిగినవాడి చేతులు పడిపోవాలని తిట్టాను. తర్వాత నిజంగానే నీ వేళ్ళకి వాతం పట్టి వంకరపోయాయి. భయమేసి మానేశాను." నవ్వింది. "నిన్ను క్షమించానని మాత్రం చెప్పను అన్నా. అది నా వల్ల కాలేదు. కానీ నాకు శుక్రవారం వెళ్ళడానికి చోటంటూ లేదు. ఈ గాజు మీద నా బిడ్డ ఒక పూట ఉంది. నేను చూడనేలేదు, కానీ ఉంది. అందుకని ఇక్కడే కడుగుతున్నాను."

అప్పుడు తెలిసింది నాకు. రిహాన్ రెమ్మ ఎందుకో, నీళ్ళెందుకో, ఆ పళ్ళు ఎవరి పేరునో. ముప్పైరెండేళ్ళు ప్రతి శుక్రవారం చెయ్యి చాపి తీసుకుని, కిటికీకి పెళ్ళా అని ఇకిలించి, నమిలి మింగాను.

ఆమె గట్టుమీద గిన్నెలోంచి రెండు అంజీరాలు తీసి నా వంకర వేళ్ళ మధ్య పెట్టింది.

"తినన్నా" అంది. "కాదనకూడదు."

తిన్నాను. రెండూ తిన్నాను.

మల్ఖైర్ ఎనభైరెండులో పోయింది. ఆమెకి సమాధి ఉంది, రాయి మీద పేరుంది, నేనే దగ్గరుండి చెక్కించాను. ఆ ఇల్లు ఇంకొకరికి ఇచ్చారు, కొత్త కిటికీ పెట్టుకుంటామన్నారు. ఆ ఒక్క అద్దం నేను అడిగి తెచ్చుకుని మా వీధివైపు కిటికీకి బిగించాను, నంబరు పైకి కనపడేలా. శుక్రవారం శుక్రవారం కడుగుతాను. దారినపోయే పిల్లలకి అంజీరాలు ఇస్తాను. ఎందుకు తాతా అని అడుగుతారు.

"నువారా పేరున" అని చెబుతాను.

"ఎవరా అమ్మాయి? ఎక్కడుంటుంది?"

వేలుపెట్టి చూపిస్తాను.